పిల్లలు క్రికెట్ ఆడితే ఏమి నేర్చుకుంటారు?



"ఎప్పుడు చూసినా బ్యాటు పట్టుకుని తిరుగుతాడు సిస్టర్, చదువు మీద ధ్యాసే లేదు" అని చాలామంది తల్లులు మాతో అంటుంటారు. 5 నుండి 17 ఏళ్ళ పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒంటికి శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. నిజానికి పరుగు విషయంలో కబడ్డీయే మేలు, క్రికెట్‌లో నిలబడే సమయమే ఎక్కువ. కాని క్రికెట్ నేర్పే పాఠం వేరే ఉంది.

అది ఔటవడం. ఎంత బాగా ఆడేవాడైనా ఒక్క బంతికి ఔటవుతాడు. బ్యాటు ఇంకొకరి చేతికిచ్చి వచ్చి కూర్చోవాలి, మళ్ళీ తన వంతు కోసం ఎదురుచూడాలి. మన వీధుల్లో బ్యాటు ఎవరిదో ఆ అబ్బాయి ఔటైనా దిగడు, "నా బ్యాటు నేను తీసుకుపోతా" అంటాడు. అప్పుడు మీరు వెళ్ళి వాడి తరఫున మాట్లాడకండి. మిగతా పిల్లలే నాలుగు రోజుల్లో దారికి తెస్తారు. బలహీనమైన అవయవం కూడా శరీరానికి అవసరమేనని పౌలు కొరింథీయులకు వ్రాశాడు. సరిగా బ్యాటు పట్టలేని పిల్లవాడు ఒక్క క్యాచ్ పట్టి జట్టును గెలిపించినప్పుడు ఆ మాట పిల్లలకు మనం చెప్పకుండానే అర్థమవుతుంది.

2001 మార్చిలో కలకత్తాలో ఆస్ట్రేలియాపై మన జట్టు మొదటి ఇన్నింగ్స్‌లో 171 పరుగులకే ఔటై ఫాలోఆన్ ఆడింది. రెండవసారి మన హైదరాబాద్ లక్ష్మణ్ 281, ద్రావిడ్ 180 చేశారు. ఆ మ్యాచ్ మనమే గెలిచాము.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, పరీక్ష తప్పినందుకు బ్రతుకే వద్దనుకున్న పిల్లలను ఆసుపత్రిలో చూస్తున్నాము. ఆట ఆడే పిల్లలకు అలాంటి ఆలోచన రాదని నేను అనడం లేదు. కాని నిన్న ఓడినవాడు ఈరోజు మళ్ళీ ఆడవచ్చునని చిన్నప్పటి నుండి చూసిన బిడ్డకు ఒక ఆసరా ఉంటుంది. బిడ్డ తిండి మాని, ఎవరితోనూ మాట్లాడకుండా ఉంటే కోప్పడకండి, దగ్గర కూర్చుని అడగండి, డాక్టరుకు చూపించండి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఆడపిల్లలనూ ఆడనివ్వండి. 2025లో ప్రపంచ కప్ గెలిచిన మన మహిళల జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉంది.

ఉబ్బసం, గుండె జబ్బు ఉన్న పిల్లలను డాక్టరును అడిగి పంపండి. వేసవిలో మధ్యాహ్నం ఆట వద్దు. హెల్మెట్ లేకుండా తోలు బంతితో ఆడనివ్వకండి. కంటికి బంతి తగిలితే నలపవద్దు, నొక్కవద్దు, ఇంట్లో ఉన్న చుక్కలు వేయవద్దు. చూపు బాగానే ఉందని పిల్లవాడు చెప్పినా సరే, అదే రోజు కంటి డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళండి.