అంగారక గ్రహమున మానవుడు బ్రతుకగలడా?

కొలది నెలల క్రిందట తరగతిలో గ్రహములనుగూర్చి పాఠము జరుగుచుండగా ఒక బాలిక లేచి, "అయ్యవారూ, భూమి పాడైపోతే మనమందరమూ అంగారకునికి పోవచ్చునంట, నిజమేనా?" అని అడిగెను. గంట మ్రోగులోపల సగము సమాధానమే చెప్పగలిగితిని. తక్కిన సగము ఇంటివద్ద తలిదండ్రులు చెప్పవలసినది గనుక ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

మంగళవారమునకు పేరిచ్చిన గ్రహమే ఇది. అంగారమనగా నిప్పుకణము. మన పొరుగున నున్న తమిళులు దీనిని సెవ్వాయి అందురు. ఆ పేరునందును ఎఱుపే కలదు. ఆ ఎఱుపునకు కారణము నిప్పు కాదు, త్రుప్పు. అక్కడి ధూళిలో ఇనుపత్రుప్పు విస్తారముగా నున్నది.

ఈ గ్రహము కొన్ని విషయములలో భూమిని పోలియున్నది. అక్కడి దినము మన దినముకంటె సుమారు 40 నిమిషములు మాత్రమే ఎక్కువ. ఋతువులును కలవు, అయితే సంవత్సరమునకు 687 దినములు. ఈ పోలికలే జనులలో ఆశలు పుట్టించినవి. 1877లో ఇటలీ దేశపు ఖగోళశాస్త్రజ్ఞుడు షియాపరెల్లి దానిపై గీతలవంటివి కనిపించినవని చెప్పగా, అవి బుద్ధిజీవులు త్రవ్విన కాలువలని అమెరికాలో లోవెల్ వాదించెను. 1965లో మారినర్-4 అను నౌక దాని ప్రక్కగా పోవుచు చిత్రములు తీసి పంపెను. వానిలో కాలువలు లేవు. ఉల్కలు పడిన గుంటలు మాత్రమే కనబడెను.

ఇక మనిషి బ్రతుకునకు కావలసినవానిని ఒక్కొక్కటిగా పరిశీలింతము.

మొదటిది గాలి. అంగారకునిపై గాలి ఒత్తిడి మన సముద్రమట్టపు ఒత్తిడిలో నూఱవ వంతునకంటెను తక్కువ. ఎత్తైన కొండలపై పప్పు సరిగా ఉడకదని తల్లులెఱుగుదురు. ఒత్తిడి తగ్గినకొలది నీరు తక్కువ వేడికే మరుగును. ప్రెషర్ కుక్కరు చేయునది దీనికి విరుద్ధమైన పని. అంగారకునిపై ఒత్తిడి ఎంత స్వల్పమనగా, రక్షణ లేని మనిషి నోటిలోని తడి శరీరపు వేడికే మరుగును. కొన్ని సెకండ్లలో స్మృతి తప్పును. నిమిషములలో ప్రాణము పోవును. ఆ కొద్ది గాలిలోను నూటికి 95 పాళ్లు బొగ్గుపులుసు వాయువే. ప్రాణవాయువు వెయ్యింట రెండు పాళ్లు కూడ లేదు.

రెండవది వెచ్చదనము. గ్రహపు సగటు ఉష్ణోగ్రత సున్నకు దిగువ సుమారు 60 డిగ్రీలు. భూమధ్యరేఖవంటి చోట వేసవి మధ్యాహ్నము 20 డిగ్రీలవఱకు రావచ్చును గాని, ఆ రాత్రియే సున్నకు దిగువ 70 డిగ్రీలకు పడిపోవును.

మూడవది కంటికి కానరాని ఆపద. భూమికి అయస్కాంత క్షేత్రమును దట్టమైన గాలియు గొడుగువలె నుండి విశ్వకిరణములను అడ్డుకొనుచున్నవి. అంగారకునికి ఆ గొడుగు లేదు. 2012లో అక్కడ దిగిన క్యూరియాసిటీ యంత్రము కొలిచి చూడగా, దినమునకు సుమారు 0.67 మిల్లీసీవర్టుల కిరణశక్తి తగులుచున్నదని తేలెను. భూమిపై మనకు ప్రకృతిసిద్ధముగా సంవత్సరమంతయు కలిపి తగులునది సగటున 2.4. అనగా అక్కడి నాలుగు దినములు ఇక్కడి ఒక సంవత్సరమునకు సమానము. అక్కడ చిరకాలముండువారు మట్టిక్రింద ఇండ్లు కట్టుకొనవలసినదే.

నాల్గవది నీరు, నేల. 2008లో ఫీనిక్స్ యంత్రము పైమట్టిని గీకగా క్రింద మంచుగడ్డ కనబడెను. ఇది శుభవార్త. కాని అదే యంత్రము ఆ మట్టిలో పర్‌క్లోరేటు లవణములను కూడ కనుగొనెను. అవి గొంతులోని థైరాయిడ్ గ్రంథికి హాని చేయును. వానిని తొలగింపక ఆ నేలను పంటకు వాడరాదు.

మనిషి తెలివితో వీనిని జయింపలేడా? ప్రయత్నము మొదలైనది. 2021లో దిగిన పర్సివరెన్స్ యంత్రములోని మాక్సీ అను పరికరము అక్కడి బొగ్గుపులుసు వాయువునుండి ప్రాణవాయువును వేఱుచేసెను. 2023వఱకు మొత్తము 122 గ్రాములు తయారైనది. ఒక మనిషికి దినమునకు సుమారు 840 గ్రాములు కావలెను. అనగా ఆ మొత్తము మూడున్నర గంటల ఊపిరి. మార్గము తెరచుకొన్నది గాని గమ్యము దూరము.

అంతకంటె ఎక్కువగా ఆలోచింపదగినది భూమిపైననే జరిగిన ఒక పరీక్ష. అమెరికాలోని అరిజోనాలో సుమారు మూడెకరముల స్థలమున గాజుకప్పుతో మూసిన భవనము కట్టి, లోపల చిట్టడవి, పొలములు, చిన్న సముద్రము అమర్చిరి. దానికి బయోస్ఫియర్-2 అని పేరు. 1991లో ఎనమండుగురు లోపల ప్రవేశించి రెండేండ్లుండిరి. తిండి చాలక చిక్కిపోయిరి. ప్రాణవాయువు 21 శాతమునుండి సుమారు 14 శాతమునకు పడిపోయెను. సారవంతమైన మట్టిలోని సూక్ష్మజీవులు దానిని వాడుకొనగా, వెలువడిన బొగ్గుపులుసు వాయువును కాంక్రీటు గోడలు పీల్చుకొన్నవి. తుదకు బయటనుండి ప్రాణవాయువును పంపవలసివచ్చెను. తలుపు అవతల గాలి ఉన్నది గనుక వారు బ్రతికిరి. అంగారకునిపై తలుపు అవతల ఏమున్నది? అక్కడికి ప్రయాణమే ఆరు మొదలు తొమ్మిది నెలలు. అనుకూల సమయము 26 నెలలకొకసారి వచ్చును.

కావున ఆ బాలికకు నా సమాధానమిది. మానవుడు అక్కడికి పోగలడు. యంత్రముల సాయముతో కొంతకాలము నిలువగలడు. కాని అది విహారభూమియు కాదు, శరణాలయమును కాదు. భూమిపై మిక్కిలి కఠినమైన మంచుఖండము కూడ అంగారకునికంటె దయగలది; అక్కడ ఊపిరి పీల్చవచ్చును. పాడైన భూమిని బాగుచేయుట అంగారకుని భూమిగా మార్చుటకంటె ఎన్నో రెట్లు సులభము. మన ఊరి చెఱువు పూడిక తీయలేనివారము ఒక గ్రహమునకు గాలి పోయగలమా?

ఇట్లనుటచే పరిశోధన వలదని భావింపరాదు. 2013 నవంబరు 5వ తేదీన శ్రీహరికోటనుండి బయలుదేరిన మంగళయానము 2014 సెప్టెంబరు 24న గ్రహకక్ష్య చేరి, 2022లో సంబంధము తెగువఱకు మన దేశమునకు కీర్తి తెచ్చినది. అట్టి పనికి రేపు మన పిల్లలును పూనుకొనవలెను.

తలిదండ్రులకు ఒక మనవి. అంగారకుడు కనబడు కాలమున బిడ్డలను మిద్దెపైకి తీసికొనిపోయి ఆ ఎఱ్ఱచుక్కను చూపుడు. అక్కడ ఏల బ్రతుకలేమో వారినే తెలుగులో చెప్పుమనుడు. మాట తడబడినచోట బడిలో మేము సరిదిద్దెదము. తన ఇంటి మాటలో చెప్పగలిగిన విషయమే బిడ్డకు నిజముగా తెలిసినది.