కంప్యూటరుకు దూది దుప్పటి

ఆదోనిలో పత్తి మిల్లుకు దగ్గరగా ఉన్న ఒక ఇంటిని ఊహించుకుందాం. ఆ ఇంట్లో పదో తరగతి చదివే అబ్బాయి ఉన్నాడు. మూడేళ్ల కిందట కొన్న కంప్యూటరు ఉంది. మే నెల మధ్యాహ్నం ఆట మొదలుపెట్టిన పది నిమిషాలకు తెర మీది బొమ్మలు నత్తనడక నడుస్తాయి. లోపలి ఫాను పిండిగిర్నీలా రొద చేస్తుంది. మరికాసేపటికి తెర నల్లబడిపోతుంది.

"ఆడీ ఆడీ దాన్ని కాల్చినావు!" అంటాడు నాయన. గ్రాఫిక్స్ కార్డు పోయిందనీ, కొత్తది వేయాలంటే వేలల్లో ఖర్చనీ చూడవచ్చినాయన చెబుతాడు.

కార్డు నిజంగానే పోయిందా?

తెర మీది బొమ్మలకు కావలసిన లెక్కలు కట్టే పలకే గ్రాఫిక్స్ కార్డు. దాని నడుమ బొటనవేలి గోరంత సిలికాన్ చిప్పు, అందులో కోట్లకొద్దీ ట్రాన్సిస్టర్లు. అది తీసుకునే విద్యుచ్ఛక్తి దాదాపు అంతా చివరకు ఉష్ణంగా మారుతుంది. చిన్న కార్డు కూడా 75 వాట్ల దాకా తీసుకోగలదు. పాతకాలపు 60 వాట్ల బల్బును పట్టుకుంటే చెయ్యి ఎలా చుర్రుమనేదో ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. ఇక్కడ అంతకన్నా ఎక్కువ వేడి గోరంత చోట పుడుతోంది!

ఆ వేడి చిప్పు నుంచి లోహపు దిమ్మెకు, దిమ్మె నుంచి పలుచని రెక్కలకు ఉష్ణవహనం ద్వారా చేరుతుంది. రెక్కల మధ్యగా ఫాను తోసే గాలి దాన్ని మోసుకుపోతుంది. చిప్పుకూ దిమ్మెకూ మధ్య మెత్తని లేపనం పూస్తారు. చూడడానికి నున్నగా ఉన్న లోహాల మధ్య కూడా సన్నని సందులుంటాయి, వాటిలో గాలి చేరుతుంది. కదలని గాలి వేడికి పెద్ద అడ్డుగోడ. రాగి దానికన్నా రమారమి 15,000 రెట్లు బాగా ఉష్ణాన్ని ప్రసరింపజేస్తుంది.

ఇప్పుడు మీ బొంతను తలచుకోండి. కప్పుకుంటే వెచ్చగా ఉంటుంది కదూ? బొంతలో వేడి పుట్టదు. దూది పోగుల మధ్య చిక్కిన గాలి మన ఒంటి వేడిని బయటికి పోనివ్వదు, అంతే. ఆదోని మిల్లుల్లో పత్తి నుంచి గింజ తీసేటప్పుడు సన్నని నూగు లేస్తుంది. అక్కడికి సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఎమ్మిగనూరు ఉంది. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం స్థాపించిన ఊరు అది. అక్కడ మగ్గాల దగ్గర నూలు నలుసులు రాలుతాయి. వట్టి మట్టి దుమ్ము కొంతైనా రెక్కల సందుల్లోంచి దూరిపోతుంది. పోగు అలా కాదు, అడ్డంగా చిక్కుకుంటుంది, ఆపైన దానికి మట్టి అంటుకుంటుంది. కొన్నాళ్లకు రెక్కల మీద చిన్న బొంత తయారు!

అయితే ఈ జబ్బు మే నెలలోనే ఎందుకు బయటపడింది? చిన్న లెక్క వేద్దాం. ఫాను ఎంత తిరిగినా కార్డును గది కంటే చల్లబరచలేదు. శుభ్రమైన కార్డు పూర్తి పనిలో గది కంటే 40 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుందనుకోండి. డిసెంబరులో గది 25 డిగ్రీలైతే కార్డు 65, మే నెలలో గది 40 అయితే కార్డు 80. నూగు పట్టి ఆ తేడా 55 అయిందనుకుందాం. డిసెంబరులో 80, ఎవరికీ ఏమీ తెలియదు. మే నెలలో 95కు చేరాలి. కాని చాలా కార్డులు 80, 90 డిగ్రీల మధ్యనే తమ వేగం తామే తగ్గించుకుంటాయి. అదే నత్తనడక. అప్పటికీ వేడి తగ్గకపోతే పని ఆపేస్తాయి. అంటే తెర నల్లబడింది కార్డు చచ్చి కాకపోవచ్చు, తనను తాను కాపాడుకోవడానికే కావచ్చు.

ఊహతో ఆగకండి, కొలవండి. విండోస్‌లో 2020 తరువాత వచ్చిన టాస్క్ మేనేజర్ విడి గ్రాఫిక్స్ కార్డు ఉష్ణోగ్రతను చూపుతుంది. గది చల్లగా ఉన్న ఉదయం పూట ఒకే ఆటను పది నిమిషాలు నడిపి, కార్డు ఉష్ణోగ్రతలోంచి గది ఉష్ణోగ్రతను తీసివేయండి. తరువాత పెట్టె పక్క రేకు తీసి మళ్లీ అదే పని చేయండి, లోపల మాత్రం వేలు పెట్టవద్దు. తేడా బాగా తగ్గితే పెట్టెకు గాలి ఆడడం లేదన్నమాట. గోడకు ఆనించి ఉందేమో చూడండి. తగ్గకపోతే రెక్కలను అనుమానించాలి.

శుభ్రం చేసేటప్పుడు పెద్దవాళ్లు పక్కన ఉండాలి. కంప్యూటరు ఆపి, ప్లగ్గు పీకి, పెట్టె లోహపు భాగాన్ని ఒకసారి తాకండి. ఒంటి మీది స్థిర విద్యుత్తు పోతుంది. ఫాను తిరగకుండా వేలితో పట్టుకుని మెత్తని పొడి బ్రష్షుతో నూగు తీయండి. నోటితో ఊదకండి, తుంపరలు పడతాయి. కరెంటు సరఫరా చేసే డబ్బాను ఎన్నడూ విప్పకూడదు సుమా! మళ్లీ కొలవండి. తేడా తగ్గిందా? ఫాను రొద తగ్గిందా? రెండూ తగ్గకపోతే లోపలి లేపనం ఎండిపోయి ఉండవచ్చు. అది తెలిసిన మెకానిక్కు చేయవలసిన పని.

నాయన నమ్మకపోతే ఒక ప్రయోగం చూపండి. ఒకే రకం స్టీలు గ్లాసులు రెండింటిలో సమానంగా వేడినీళ్లు పోసి, ఒకదానికి దూది చుట్టి, రెండూ ఫాను కింద పెట్టండి. రెండింటిలోనూ థర్మామీటర్లు ఉంచి, 50 డిగ్రీలకు దిగడానికి ఏది ఎన్ని నిమిషాలు తీసుకుందో రాసుకోండి.