కంప్యూటర్‌లో కేస్ షీటు: ముందు కల్పిత రోగులతో

ఇంజెక్షన్ చేయడం నర్సింగ్ విద్యార్థులకు మొదట బొమ్మ మీద నేర్పుతాము. కంప్యూటర్‌లో కేస్ షీటు రాయడం మాత్రం చాలాచోట్ల నేరుగా వార్డులో, నిజమైన రోగి రికార్డు మీదే నేర్పుతున్నారు. ఇది మంచి పద్ధతి కాదని మా అభిప్రాయం.

అభ్యాసానికి తగిన సాఫ్ట్‌వేర్ ఉచితంగానే దొరుకుతుంది. కెన్యాలో హెచ్.ఐ.వి. రోగుల చికిత్స అవసరాల నుంచి 2004లో ‘ఓపెన్ ఎంఆర్ఎస్’ పుట్టింది. దాని ఆధారంగా మన దేశంలో, ఛత్తీస్‌గఢ్‌లోని గనియారిలో ఉన్న జన్ స్వాస్థ్య సహయోగ్ ఆసుపత్రి కోసం ‘బామ్నీ’ తయారైంది. వీటిలో ఒకదానిని ఆసుపత్రి రికార్డులతో సంబంధం లేని కంప్యూటర్‌లో పెట్టి, కల్పిత రోగులను చేర్చాలి. నిజమైన రోగి పేరు మార్చి వాడుకుంటే చాలదా అని కొందరు అడుగుతారు. చాలదు. ఊరు, వయసు, జబ్బు చూస్తే ఆ మనిషి ఎవరో చుట్టుపక్కల వారికి ఇట్టే తెలిసిపోతుంది.

మేము మొదట ఇవ్వదలచిన అభ్యాసం ఇది. ఒకే వార్డులో ఇద్దరు ‘కె. లక్ష్మి’లను ఉంచండి. ఒకరికి పెన్సిలిన్ పడదు. ఇప్పుడు రెండవ లక్ష్మికి ఆ మందు నమోదు చేయమనండి. పేరు ఒక్కటే చూసి నొక్కినవారెవరో, ఆసుపత్రి నంబరు, వయసు కూడా సరిచూసినవారెవరో అప్పుడే తెలుస్తుంది.

తర్వాత 8 కిలోల బిడ్డ బరువును 18 అని నమోదు చేయించండి. పారాసిటమాల్ కిలోకు 15 మి.గ్రా. చొప్పున ఒక మోతాదు 120 మి.గ్రా. కావాలి, బరువును బట్టి లెక్కకట్టే సాఫ్ట్‌వేర్ 270 మి.గ్రా. చూపిస్తుంది. కంప్యూటర్ లెక్క తప్పలేదు, మనం ఇచ్చిన అంకె తప్పు. విద్యార్థి ఈ తేడాను తనంతట తాను పట్టుకునే వరకు ఆగండి, ముందే చెప్పవద్దు.

నిన్నటి బి.పి., నాడి అంకెలను ఈరోజు గడిలోకి కాపీ చేసే అలవాటును మొదటి వారంలోనే మాన్పించాలి. ఒకరి పాస్‌వర్డ్‌తో మరొకరు రాయడం కూడా అంతే. డ్యూటీ హడావుడిలో ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, మందు ఎవరిచ్చారో తెలియవలసి వచ్చినప్పుడు రికార్డులో తప్పు పేరు కనిపిస్తుంది.

మన ఊళ్లలో కరెంటు పోవడం కూడా పాఠంలో భాగమే. తరగతి మధ్యలో కంప్యూటర్లు ఆపి, కాగితం మీద కొనసాగించమనండి. తిరిగి ఎక్కించేటప్పుడు టైపు చేసిన సమయం కాదు, జ్వరం చూసిన సమయమే రాయాలి.