ఇంటి చుట్టూ నీళ్లు నిలవకుండా చూసుకుందాం
ఇందిరమ్మ ఇళ్ల లబ్ధిదారులకు అవగాహన పాఠం: పునాది, వాన నీరు, వాడిన నీరు

ఇందిరమ్మ ఇంటికి ప్రభుత్వం ఇచ్చే సాయం 5 లక్షల రూపాయలు. బేస్‌మెంట్, గోడలు, స్లాబ్, ఇల్లు పూర్తి అనే 4 దశల్లో ఆ డబ్బు ఇంటి ఆడవారి ఖాతాలో పడుతుంది. ఇది ఒక్కసారి వచ్చే సాయం. తర్వాత గోడ పగిలినా, గచ్చు కుంగినా రిపేరు ఖర్చు మన మీదే పడుతుంది.

స్లాబ్ పడగానే అందరి ధ్యాసా రంగుల మీదకి, తలుపుల మీదకి పోతుంది. ఇంటి చుట్టూ మట్టి ఎలా ఉంది, నీళ్లు ఎటు పోతున్నాయి అని ఎవరూ చూడరు. కొత్త ఇంట్లో రెండు మూడేళ్లకే కనిపించే పగుళ్లు చాలావరకు అక్కడే మొదలవుతాయి. ఈ పాఠం చదివి, ఇంట్లో వాళ్లకూ మేస్త్రీకి కూడా చూపించండి.

1. నీళ్లు పునాదిని ఏం చేస్తాయి?

మన జిల్లాల్లో చాలా ఊళ్లలో నల్లరేగడి నేల ఉంది. ఎండాకాలంలో అది చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చడం మీరు చూసే ఉంటారు. వాన పడగానే అదే మట్టి ఉబ్బుతుంది. ఉబ్బినప్పుడు పునాదిని పైకి నెడుతుంది, ఎండినప్పుడు కిందికి జారుతుంది.

ఇల్లంతా ఒకేలా లేచి ఒకేలా దిగితే గోడకు పెద్దగా నష్టం ఉండదు. కానీ అలా జరగదు. ఇంటి మధ్యలో నేల ఎప్పుడూ దాదాపు ఒకే తేమతో ఉంటుంది. అంచుల్లో నేల తడుస్తుంది, ఎండుతుంది. ఒక మూల నల్లా నీళ్లు రోజూ పడుతుంటే ఆ మూల ఒక్కటే ఉబ్బుతుంది. ఒక పక్క లేచి, ఇంకో పక్క ఉన్నచోటే ఉంటే గోడ తట్టుకోలేదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా చీలుతుంది.

ఎర్రనేలలో, మొరం నేలలో ఈ ఉబ్బు తక్కువ. అక్కడ కూడా నీళ్లు నిలిస్తే సరిగ్గా దిమ్మిస కొట్టని మట్టి కుంగుతుంది, గోడకు చెమ్మ ఎక్కుతుంది. కాబట్టి ఏ నేలకైనా మాట ఒక్కటే: నీళ్లు గోడ దగ్గర ఆగకూడదు, బయటికి పోవాలి.

2. ఇంటి మీద ఎన్ని నీళ్లు పడతాయో లెక్క చూద్దాం

400 చదరపు అడుగుల స్లాబ్ మీద ఒక్క అంగుళం వాన పడితే సుమారు 940 లీటర్ల నీళ్లు దిగుతాయి. అంటే 200 లీటర్ల డ్రమ్ములు నాలుగున్నరకు పైగా. స్లాబ్‌కి రెండే పైపులు ఉంటే, ఒక్కో పైపు కింద రెండు డ్రమ్ములకు పైగా నీళ్లు ఒకే చోట పడతాయి. ఆ పైపు గోడ మొదట్లోనే ముగిస్తే ఆ నీళ్లన్నీ నేరుగా పునాదిలోకే దిగుతాయి.

వాన కొన్ని నెలలే. స్నానం నీళ్లు, గిన్నెలు తోమిన నీళ్లు, బట్టలు ఉతికిన నీళ్లు ఏడాది పొడుగునా పడతాయి. అందుకే వాడిన నీటి సంగతి కూడా అంతే ముఖ్యం.

3. కడుతున్నప్పుడు చూసుకోవాల్సినవి

• పునాది గుంటలో వాన నీళ్లు నిలిస్తే వాటిని ఎత్తిపోయాలి. అడుగున మెత్తబడ్డ బురదను గీకి తీసేశాకే కాంక్రీటు వెయ్యాలి.

• పునాది పక్కన తవ్విన గుంటలను, బేస్‌మెంట్ లోపలి భాగాన్ని నల్లమట్టితో నింపకండి. మొరం వాడండి. అరడుగు మందం పోసి, తడిపి, దిమ్మిస కొట్టి, ఆ తర్వాతే ఇంకో అరడుగు పొయ్యాలి. అంతా ఒకేసారి పోసి నీళ్లు వదిలేస్తే మొదటి వానాకాలానికే కుంగుతుంది. గోడ పక్కన పల్లమై నీళ్లు ఇంటివైపే వస్తాయి.

• బేస్‌మెంట్ ఎత్తు చుట్టూ ఉన్న నేల కంటే కనీసం ఒకటిన్నర అడుగు ఉండాలి. ముందు గల్లీలో ఇంకా సీసీ రోడ్డు పడకపోతే, పడ్డాక రోడ్డు ఎంత ఎత్తు వస్తుందో పంచాయతీలో అడిగి దాన్ని బట్టి పెంచుకోండి. రోడ్డు లేచి ఇల్లు పల్లంలో పడితే తర్వాత చేసేది తక్కువ.

• బేస్‌మెంట్ మీద గోడ లేపే ముందు చెమ్మ ఎక్కకుండా వేసే డీపీసీ పొరను వదిలెయ్యకండి.

4. గోడ చుట్టూ అప్రాన్

గోడను ఆనుకుని ఇంటి చుట్టూ వేసే సిమెంటు గచ్చును మేస్త్రీలు అప్రాన్ అంటారు. వెడల్పు కనీసం 3 అడుగులు ఉండాలి. నల్లరేగడిలో జాగా ఉంటే ఇంకా వెడల్పు మంచిది. గోడ దగ్గర ఎత్తుగా, బయటి అంచు కనీసం ఒకటింబావు అంగుళం కిందికి ఉండేలా వాలు పెట్టించండి. కింద మొరం దిమ్మిస కొట్టి, దాని మీద 3 అంగుళాల కాంక్రీటు వేస్తే చాలు. గోడకీ అప్రాన్‌కీ మధ్య సందు పడితే ఎప్పటికప్పుడు పూడ్చాలి, లేకపోతే నీళ్లు ఆ సందులోంచే దిగుతాయి.

అప్రాన్ బయటి అంచున చిన్న కాలువ తీసి వీధి మోరీలో కలపండి. కాలువకు 10 అడుగులకు ఒక అంగుళం చొప్పున వాలు ఉండాలి. మేస్త్రీ దగ్గర ఉండే నీళ్ల లెవల్ పైపుతో దీన్ని చూడొచ్చు.

ఇప్పుడు చేతిలో డబ్బు లేదంటే మట్టితోనైనా వాలు చెయ్యండి. గోడ నుంచి 10 అడుగుల దూరానికి అరడుగు పల్లం రావాలి. అంత జాగా లేకపోతే ఉన్నంతలో వాలు పెట్టి కాలువలోకి తిప్పండి. మొరం రెండు ట్రాలీలు, ఇంటిల్లిపాదీ రెండు రోజుల పని.

బిందె పరీక్ష: ఒక బిందె నీళ్లు గోడ పక్కన పోయండి. నీళ్లు బయటికి పారితే వాలు సరిగా ఉన్నట్టే. గోడ దగ్గరే ఆగితే, ఇంటివైపు తిరిగితే అక్కడ మొరం పోసి సరిచెయ్యాలి. నాలుగు పక్కలా ఇలా చూడండి.

5. వాడిన నీళ్లు ఎటు పంపాలి?

బాత్రూం, గిన్నెలు తోమే చోటు గోడకు ఆనుకుని ఉంటే కింద గచ్చు చేయించి, నీళ్లు పైపులోంచి మోరీకి పోయేలా చూడాలి. మోరీ లేనిచోట ఇంకుడు గుంత తవ్వుకోవచ్చు, కానీ పునాదికి కనీసం 10 అడుగుల దూరంలో. నల్లరేగడిలో నీళ్లు తొందరగా ఇంకవు. గోడ పక్కన ఇంకుడు గుంత తవ్వితే మనమే పునాదికి నీళ్లు తాపినట్టు అవుతుంది.

గోడ పక్కన అరటి, కూరగాయల మడి వద్దు. ఎంత ముద్దుగా ఉన్నా రోజూ నీళ్లు పొయ్యాల్సి వస్తుంది. వేప, రావి వంటి పెద్ద చెట్లు నల్లరేగడిలో ఒక పక్క తేమనంతా లాగేస్తాయి. వాటిని ఇంటికి దూరంగా పెట్టండి.

6. ఏ నెలలో ఏం చెయ్యాలి?

రోహిణి కార్తెలో: గోడ పక్కన నెర్రెలు విచ్చి ఉంటే తడి మొరంతో నింపి దిమ్మిస కొట్టండి. అలా వదిలేస్తే తొలకరి నీళ్లు ఆ నెర్రెల్లోంచి పునాది అడుగుకే పోతాయి. కాలువలో చెత్త, స్లాబ్ పైపుల్లో ఆకులు తియ్యండి.

వానాకాలంలో: పెద్ద వాన పడుతుండగానే గొడుగు పట్టుకుని ఒకసారి ఇంటి చుట్టూ తిరగండి. నీళ్లు ఎక్కడ ఆగుతున్నాయో అప్పుడే తెలుస్తుంది. ఆ చోట ఒక పుల్ల పాతి, వాన తగ్గాక సరిచెయ్యండి.

దసరా తర్వాత: మట్టి కుంగినచోట మళ్లీ నింపండి. గోడ అడుగున తెల్లటి ఉప్పు పొర, రంగు రాలడం ఉంటే చెమ్మ ఎక్కుతోందని అర్థం. గోడకు ఆనించిన మట్టి, ఇసుక కుప్పలు ముందు తీసెయ్యండి.

7. తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రశ్న: గోడ మీద సన్నని గీతలు వచ్చినయి. భయపడాలా?
జవాబు: వెంట్రుక మందం గీతలు ప్లాస్టరింగ్ ఎండినప్పుడు వస్తుంటాయి. పగులు రెండు చివర్లా పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ రాసి పెట్టండి. గీత దాటి పెరిగినా, ఏటవాలుగా సాగినా, తలుపు పట్టేస్తున్నా, పగుల్లో పెన్సిలు దూరేంత సందు ఉన్నా హౌసింగ్ ఏఈ గారికి చూపించండి. కారణమైన నీళ్లు ఆపకుండా సిమెంటు పూస్తే మళ్లీ పగులుతుంది.

ప్రశ్న: పక్కింటి స్లాబ్ నీళ్లు మా గోడ మీద పడుతున్నయి. ఏం చెయ్యాలి?
జవాబు: ముందు వాళ్లతో మంచిగా మాట్లాడండి. "అన్నా, ఈ నీళ్లు రెండిళ్ల పునాదికీ మంచిది కాదు, ఇద్దరం కలిసి మధ్యలో కాలువ తీద్దాం" అంటే చాలామంది ఒప్పుకుంటారు. కుదరకపోతే పంచాయతీ కార్యదర్శికి రాసి ఇవ్వండి.

ప్రశ్న: మోరీ నిండి నీళ్లు వెనక్కి ఇంట్లోకి వస్తున్నయి?
జవాబు: మీ కాలువ మోరీలో కలిసే చోటు మోరీ అడుగు కంటే ఎత్తులో ఉందో లేదో చూడండి. పూడిక తియ్యమని గల్లీ వాళ్లంతా కలిసి పంచాయతీకి దరఖాస్తు ఇవ్వండి.

ప్రశ్న: ఇల్లు కట్టి రెండేళ్లయింది, అప్రాన్ వెయ్యలేదు. ఇప్పుడు వేస్తే లాభం ఉంటదా?
జవాబు: ఉంటుంది. ఎండాకాలం చివర్లో వాలు సరిచేసి, మొరం దిమ్మిస కొట్టి వెయ్యండి. స్లాబ్ పైపులు గోడ మొదట్లో ఆగి ఉంటే ముందు వాటిని అప్రాన్ అంచు దాకా పొడిగించండి. అన్నిటికన్నా తక్కువ ఖర్చు, ఎక్కువ లాభం ఉన్న పని అదే.

ఈ పీడీఎఫ్‌ను మీ కాలనీ గ్రూపులో పంపండి. ఫోన్ చదవడం రాని పెద్దవాళ్లుంటే బిందె పరీక్ష ఒక్కటైనా చేసి చూపించండి.