తిత్తియు బాగుపైపును

దిల్‌సుఖ్‌నగరునకు దాపుననున్న మూసారాంబాగునందు ఒక గుట్టమీద రాతిస్తంభముతో గూడిన సమాధి కలదు. నిజాము కొలువున సేనానియై యుండి 1798 మార్చి 25వ తేదీన మరణించిన ఫ్రెంచివాడగు రేమండు సమాధి యది. "ముస్యే రేమండు" అను పిలుపే మూసారాంబాగు అయ్యెనని పెద్దలు చెప్పుదురు. ఆయన పోయిన యేడు మాసములకే, అదే సంవత్సరము అక్టోబరునందు, ఆయన తీర్చిన పటాలములను ఆంగ్లేయులు రక్తపాతము లేకయే నిరాయుధులను గావించిరి. ఆ కార్యమున ముందు నిలిచినవారిలో జాన్ మాల్కము ఒకడు. ఇతడు ఇంగ్లండువాడు కాడు. స్కాట్లండునందు లాంగ్‌హోము సమీపమున రైతు ఇంట బుట్టినవాడు. 1806లో సికింద్రాబాదు దండు వెలసెను. ఆనాటి బ్రిటిషు సైన్యమున స్కాట్లండు, ఐర్లండు దేశస్థులు పెక్కుమంది యుండిరి. వారు వెడలిపోయినను వారు తెచ్చిన బాగుపైపు మన సైన్యమునందును, పోలీసు దళములందును, అనేక పాఠశాలలందును నిలిచిపోయినది.

విద్యార్థులారా, ఈ వాద్యమును చూచి మీరు వింతపడుదురు గాని, దీని తత్త్వము తెలుగువారికి క్రొత్తది కాదు. తోలుసంచిని నోటితో ఊది నింపి, చంకక్రింద నుంచుకొని మోచేతితో నొక్కుదురు. ఊదుడు గొట్టములోని చిన్న కవాటము గాలిని వెనుకకు పోనీయదు. వాయించువాడు ఊపిరి తీసికొనుచున్నను నాదము తెగదు. భుజముపై నిలువుగా నుండు మూడు గొట్టములు ఎడతెగక ఒకే స్వరమును పలుకుచుండును. వానిలో పెద్దది తక్కిన రెంటికంటె ఒక స్థాయి క్రిందుగా పలుకును. ఇది మన శ్రుతియే. నాగస్వరమునకు ప్రక్కన నిలుచు ఒత్తు చేయు పనిని ఇచ్చట ఆ మూడు గొట్టములును చేయుచున్నవి. వ్రేళ్లతో వాయించు గొట్టమును చాంటరందురు. దానియందు పలుకునవి తొమ్మిది స్వరములే. నాదమును హెచ్చింపను తగ్గింపను రాదు, నడుమ నాపను రాదు. ఒకే స్వరమును రెండుసారులు పలికింపవలెనన్న మధ్యమున వేఱొక స్వరమును రెప్పపాటుకాలము తాకవలెను. ఆ చిఱుస్వరముల అల్లికలోనే ఆ విద్య యంతయు నున్నది. మన గమకములు వినిన చెవికి ఇది సులభముగ బోధపడును.

మఱి తెలుగునేలపై తిత్తి యున్నది గదా! వీధిభాగవతులు ఆడునప్పుడు మేకతోలును ఒలిచినది ఒలిచినట్లే కుట్టి, దానికి గొట్టములమర్చి, ఒకడు వెనుక నిలిచి శ్రుతి పట్టుచుండెడివాడు. కమ్మరి కొలిమికడ నున్నదియు తిత్తియే. పేరొక్కటే, గాలి నిలువచేయు ఉపాయమొక్కటే. స్కాట్లండువారు తమ తిత్తికి పాడు గొట్టమును జేర్చి పటాలమునకు ముందు నడిపించిరి. మనవారు తిత్తిని శ్రుతికి మాత్రమే నియమించి, పాటను గాయకునకు విడిచిరి. ఏది గొప్పయని అడుగుట నాకు వ్యర్థముగ దోచును. కాని ఒకటి గణతంత్రదినమున వేలమంది యెదుట మ్రోగుచుండగా, రెండవదాని పేరైనను మన పిల్లలెఱుగకపోవుట విచారకరము.

ఇక దుస్తులమాట. దొరల లంగాలు మన బాలురకేల యని కొందఱు తలిదండ్రులు అడుగుదురు. అడుగదగిన ప్రశ్నయే. అయితే ఆ కిల్టును మొదట దొరతనమువారే నిషేధించిరి. 1746లో కల్లోడెన్ యుద్ధమున కొండసీమవారు ఓడిన పిమ్మట, ఆ దుస్తులు ధరించినవానికి ఆఱు మాసములు చెఱ, మఱల ధరించిన యెడల ఏడేండ్లు ద్వీపాంతరవాసము విధించు శాసనము పుట్టెను. సైనికులకు మాత్రము అది వర్తింపలేదు. కావున తన తాతల బట్ట కట్టుకొనగోరిన కొండవాడు, తన్ను ఓడించిన రాజు కొలువుననే చేరవలసివచ్చెను! బాగుపైపును గూడ నిషేధించిరని పలువురు వ్రాయుదురు గాని, శాసనమున దాని పేరు లేదు. 1782లో ఆ శాసనము రద్దయ్యెను. 1822లో నాలుగవ జార్జి ఎడింబరోకు వచ్చినపుడు, వాల్టర్ స్కాటు ఏర్పాటు చేసిన ఉత్సవమున రాజే కిల్టు ధరించెను. ఒక్కొక్క వంశమునకు ఒక్కొక్క గళ్లబట్ట యను నియమము గూడ చాలవఱకు ఆ శతాబ్దమున స్థిరపడినదే గాని అనాది కాదు.

ఐర్లండు పైపర్ల కిల్టునకు గళ్లుండవు. అది కుంకుమపూవు రంగుది. వారికి మఱియొక వాద్యము గలదు. దానిని నోటితో ఊదరు. కూర్చుండి, మోచేతికి కట్టిన చిన్న కొలిమితిత్తితో గాలి కొట్టుదురు. దాని పేరగు "ఇలియన్" అను మాటకు మోచేయి యనియే అర్థము. ఇది రెండు స్థాయిలు పలుకును. కవాతునకు గాక ఇంటికి తగిన వాద్యము.

మన పైపర్లు కిల్టును సామాన్యముగ గైకొనలేదు. తలపాగాయు షరాయియు నుంచుకొని, గళ్లబట్టను భుజముమీద మాత్రము వేసికొనిరి. తలిదండ్రుల ప్రశ్నకు సిపాయిలు ఎప్పుడో ఈ విధముగ ఉత్తరమిచ్చిరి. దేశవిభజనమున పాకిస్తానుకు పోయిన సియాల్‌కోటలో నేటికిని బాగుపైపులు చేసి లోకమంతటికి పంపుచున్నారు. ఢిల్లీలో జనవరి 29వ తేదీన జరుగు సైనికవాద్యోత్సవమున పైపుబ్యాండ్లును పాల్గొనును. మనము ప్రార్థనలలో పాడుకొను "అబైడ్ విత్ మీ" అను కీర్తన ఆ ఉత్సవమున చిరకాలము వినబడెను. 2022లో దానిని తొలగించిరి. ఆ చర్చ ఇచ్చట అవసరము లేదు. దానిని రచించిన హెన్రీ లైటు స్కాట్లండున బుట్టి ఐర్లండున చదివినవాడని మాత్రము తెలిసికొనదగును.

నేర్చుకొనగోరు బాలబాలికలకు ఒక మాట. మొదట సంచి చేతికీయరు. కొన్ని మాసములు సంచి లేని చిన్న చాంటరుమీదనే వ్రేళ్లు తిప్పవలెను. స్కై ద్వీపమున మెక్రిమన్ వంశీయులు పూర్వము శిష్యులకు కాగితములీయక, అర్థములేని అక్షరములను పాడి పాటలను కంఠస్థము చేయించెడివారు. మృదంగము గురువు చేతితో కొట్టుటకు ముందు జతులను నోట పలికించునట్లే.

ఎల్.బి. నగరు ప్రాంతమున కాపురమున్న మీ కుటుంబములు అనేకము నల్లగొండ, ఖమ్మము, పాలమూరు గ్రామములనుండి వచ్చినవే. సెలవులలో ఊరికి పోయినపుడు మీ తాతలను, అమ్మమ్మలను తిత్తినిగూర్చి అడుగుడు. ఎవరు ఊదిరి, తోలునెట్లు పదును చేసిరి, గొట్టము దేనితో చేసిరి, ఏ ఆటకు శ్రుతి పట్టిరి, వారి పిల్లలలో ఎవరికైన వచ్చునా, వారు చెప్పిన మాటలలోనే వ్రాసి, ఊరిపేరు చేర్చి, బడి తెఱచిన వారములోపల నాకు అందజేయుడు. తిత్తి దొరకినయెడల దాని కొలతలు తీసి బొమ్మ వేయుడు; కొని తేవలదు, అది వారియింటనే యుండనిండు.