ప్రయోగ నెట్‌వర్కును వాడుక నెట్‌వర్కుతో కలుపు విధము

మన బేతంచెర్ల మీదుగా పోవు రైలు మార్గము పూర్వము మీటరుగేజి. దాని పట్టాల నడిమి వెడల్పు 1000 మిల్లీమీటర్లు. మద్రాసు బొంబాయి మార్గము బ్రాడ్‌గేజి. వెడల్పు 1676 మిల్లీమీటర్లు. ఈ రెండును గుంతకల్లులో కలిసెడివి. ఒకదాని బండి రెండవదానిపై నడువజాలదు గనుక, సరకును దింపి వేఱొక బండికి ఎక్కింపవలసి వచ్చెడిది. 1990వ దశకమున మన మార్గము బ్రాడ్‌గేజిగా మార్చబడిన పిమ్మట ఆ శ్రమ తొలగెను. రైళ్లకు అది మేలే. కాని కంప్యూటరు నెట్‌వర్కులలో కొన్నియెడల అట్టి నిలుపుదలయే మనకు రక్ష.

రెండు నెట్‌వర్కులు

బ్యాంకులో డబ్బు లెక్కలను, పాఠశాల కార్యాలయములో మార్కులను, నాపరాళ్ల వర్తకుని కొట్టులో చిట్టాలను మోయునది వాడుక నెట్‌వర్కు. అది ఒక్క గడియ నిలిచినను జనులకు నష్టము. నేర్చుకొనువారు తప్పులు చేయుటకై ఏర్పఱచునది ప్రయోగ నెట్‌వర్కు. దీనికి వేఱు యంత్రములు కొననక్కఱలేదు. ఒకే కంప్యూటరులో సాఫ్ట్‌వేరు చేత పెక్కు కంప్యూటర్లను కల్పింపవచ్చును; వీనినే వర్చువల్ మెషీనులందురు. 1972లో ఐ.బి.ఎం. సంస్థ పెద్ద యంత్రములకై వి.ఎం./370 అను ఇట్టి ఏర్పాటును ప్రకటించెను. నేడు సామాన్యపు కంప్యూటరులోను ఇది సాధ్యము.

కలుపు విధములు

మొదటిది ఒంటరి విధము. కల్పిత యంత్రములు తమలో తాము మాటలాడుకొనునే గాని బయటికి పోవు. క్రొత్తవారికి ఇదియే క్షేమము.

రెండవది నాట్ అను విధము. ఆతిథ్యమిచ్చు కంప్యూటరు లోపలి చిరునామాను మార్చి, తన చిరునామాతో ఉత్తరమును బయటికి పంపును. లోపలివారు బయటికి పోగలరు. బయటివారు తమంతట లోనికి రాలేరు. అయితే ఈ విధమున ప్రయోగ యంత్రము వాడుక యంత్రములను చేరగలదని మఱవరాదు.

మూడవది వంతెన విధము, అనగా బ్రిడ్జి. ఇందు కల్పిత యంత్రము వాడుక నెట్‌వర్కులో నిజమైన యంత్రమువలెనే కూర్చుండును. ఇందే అపాయ మెక్కువ. ప్రయోగార్థము పెట్టిన డి.హెచ్.సి.పి. సర్వరు, అనగా చిరునామాలు పంచు యంత్రము, కార్యాలయపు కంప్యూటర్లకు తప్పు చిరునామాలు పంచిన యెడల, అవి ఇంటర్నెట్‌ను, ప్రింటరును చేరజాలక నిలిచిపోవును.

పాటింపవలసిన నియమములు

1. రెండింటి చిరునామాలు వేఱువేఱుగా నుండవలెను. సొంత నెట్‌వర్కులకై 10తోను, 172.16 మొదలు 172.31 వఱకును, 192.168తోను ఆరంభమగు చిరునామాలు ప్రత్యేకింపబడినవి. రెండుచోట్లను 192.168.1 అనియే యున్నచో, ఉత్తరము నెచ్చటికి పంపవలెనో రౌటరుకు తెలియదు.

2. ద్వారమొక్కటే యుండవలెను, అచ్చట ఫైర్‌వాల్ అను కావలి యుండవలెను. మొదట అన్నిటిని మూసి, అవసరమైన దానినే తెఱువుడు.

3. నిజమైన విద్యార్థుల పేర్లను, మార్కులను, వాడుక పాస్‌వర్డులను ప్రయోగములోనికి తేరాదు.

4. కలుపుటకు ముందే విడదీయు విధమును వ్రాసి యుంచుకొని, పెద్దల అనుమతితో పని తక్కువయైన వేళ కలుపవలెను.

ఒక నిజమైన హెచ్చరిక

1988 నవంబరు 2వ తేదీన అమెరికాలో రాబర్ట్ మోరిస్ అను విద్యార్థి, తనంతట తాను వ్యాపించు ఒక ప్రోగ్రామును ఇంటర్నెట్‌లో విడిచెను. అది అతడనుకొనినదానికంటె వేగముగా తన నకళ్లను పెంచుకొని, వేలకొలది కంప్యూటర్లను మందగింపజేసెను. 1990లో న్యాయస్థానము అతనిని దోషిగా నిర్ణయించెను. మూసిన ప్రయోగ నెట్‌వర్కులో ముందుగా నడిపి చూచియున్నచో, దాని వేగము ఆ గదిలోనే తెలిసియుండెడిది.

కావున తప్పు చేయుటకు భయపడకుడు. తప్పు చేయుటకు తగిన చోటును ముందుగా ఏర్పఱచుకొనుడు. మన తప్పునకు ఇతరులు మూల్యము చెల్లింపకుండ చూచుటయే ఈ విద్యలోని మొదటి పాఠము.