ట్యాంకు చివరి నీళ్ళు

అమ్మాయీ,

మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగం వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసింది. చాలా సంతోషం. తోతాపురి మామిడి దిగాక నీకు ఉత్తరం చదివే తీరిక దొరకదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

బ్రిక్స్, పీహెచ్, ఉడికించే వేడి, ఇవన్నీ కాలేజీలో చెప్పే ఉంటారు. డబ్బాలు చల్లార్చే నీళ్ళ గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. నేను ఇరవై రెండేళ్ళు ఆ నీళ్ళ ట్యాంకు పక్కనే నిలబడ్డాను.

వేడి గుజ్జు డబ్బా చల్లనీళ్ళలో పడగానే లోపలి ఆవిరి నీరై వాక్యూమ్ పడుతుంది. మూత మడతలోని రబ్బరు పూత అప్పటికింకా మెత్తగానే ఉంటుంది. ఆ కాసేపట్లో సీమ్ సందులోంచి కంటికి ఆననంత నీరు లోపలికి పీల్చుకోవచ్చు. మూత బిగించే సీమర్ ఎంత బాగున్నా ఎక్కడో కొన్ని డబ్బాలకు ఇది తప్పదు. అలా పోయే నీటిలో ఏముందో చూసుకోవడం మన పని.

1964లో స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో 400 మందికి పైగా టైఫాయిడ్ బారిన పడ్డారు. అర్జెంటీనా నుంచి వచ్చిన గొడ్డుమాంసం డబ్బా దానికి మూలమని తేల్చారు. మాంసం ఉడకడంలో లోపం లేదు. డబ్బాను చల్లార్చింది మురుగు కలిసిన నది నీళ్ళతో, అందులో క్లోరిన్ లేదు. కొట్లో ఆ మాంసం కోసిన యంత్రం మీదే మిగతా మాంసమూ కోశారు, జబ్బు అలా పాకింది. మన గుజ్జు పులుపు కాబట్టి అంత ప్రాణభయం లేదు. కానీ ఈస్టు, లాక్టిక్ బ్యాక్టీరియా పులుపుకు జంకవు.

అది నా కళ్ళతో చూశాను. కొత్తలో నేను క్లోరిన్ టెస్టు ట్యాంకులోకి నీళ్ళు వచ్చే చోటే చేసేవాణ్ణి, క్లోరిన్ కోసం కలిపే హైపో డ్రమ్ము పక్కనే. రోజూ 3 పీపీఎం వచ్చేది. ఒక జూన్‌లో ట్యాంకులో కొన్ని డబ్బాలు పగిలి గుజ్జు నీళ్ళలో కలిసింది. వేసిన క్లోరిన్ అంతా ఆ గుజ్జుకే ఖర్చయిపోయింది. రిజిస్టర్లో మాత్రం 3 అనే రాశాను. రెండు వారాలకు గోడౌన్‌లో డబ్బాల మూతలు పొంగాయి. ఒకదాన్ని మేకుతో పొడిస్తే బుస్సుమని నురగ ఎగజిమ్మింది, పులిసిన కల్లు వాసన. రైతులు రాత్రంతా ట్రాక్టర్లతో క్యూలో నిలబడి తెచ్చిన కాయ అది. గుంట తవ్వి పూడ్చేశాం.

అందుకే చెబుతున్నాను తల్లీ, నీళ్ళు ట్యాంకు దాటి బయటికి పోయే చోట శాంపిల్ పట్టు. అక్కడ ఫ్రీ క్లోరిన్ కనబడాలి. టోటల్ క్లోరిన్ చూసి సరిపెట్టుకోకు. పీహెచ్ కూడా చూడు. 7.5 దగ్గర క్లోరిన్‌లో సగమే గట్టిగా పనిచేసే రూపంలో ఉంటుంది, 8.5కు వస్తే అది పదో వంతుకు పడిపోతుంది. హైపో పోసేకొద్దీ పీహెచ్ పెరుగుతుంది కూడా. కలిపాక నీళ్ళకు 20 నిమిషాలైనా టైమివ్వాలి. హైపో క్యాన్లు ఎండలో పెట్టనివ్వకు, బలం పోతుంది.

శాంపిల్‌లో క్లోరిన్ చూసే డీపీడీ బిళ్ళ వేస్తే గులాబీ రంగు రావాలి. క్లోరిన్ మరీ ఎక్కువైనా ఆ రంగు విరిగిపోయి నీళ్ళు రంగు లేకుండానే కనబడతాయి. క్లోరిన్ లేదనుకుని ఇంకా పోస్తారు, డబ్బాలకు తుప్పు పడుతుంది. అనుమానమొస్తే శాంపిల్‌లో డిస్టిల్డ్ వాటర్ కలిపి పలచన చేసి మళ్ళీ చూడు. డబ్బా 40 డిగ్రీల దగ్గర బయటికొస్తే ఆ వేడికే ఆరుతుంది. ఆరేదాకా ఎవరినీ చేత్తో పట్టుకోనివ్వకు, చేతి మురికీ ఆ తడితోనే లోపలికి పోతుంది.

రాత్రి రెండింటికి ఎవరో ఒకరు "నిన్నటి అంకె వేసెయ్యమ్మా" అంటారు. వెయ్యకు. సున్నా వస్తే సున్నా రాయి, లైను ఆపమని అడుగు. ఆపకపోతే ఆ గంటలో వచ్చిన డబ్బాలకు గుర్తు పెట్టించి విడిగా పేర్పించు. కోప్పడితే పడనీ, నేనున్నాను.

మొదటి రాత్రి షిఫ్టు దిగగానే ఫోన్ చెయ్యి. ట్యాంకు చివర ఎంత వచ్చిందో చెప్పు.

మీ మామయ్య